ఇంటిపేరుని నమ్ముకుంటే అంతే!

వంశవృక్షం గీయాలంటే ముందు ఇంటిపేరు పట్టుకోవాలంటారు అందరూ. కెనడాలో క్విబెక్ ఫ్రెంచివాళ్ళ దగ్గర ఈ పప్పులుడకవు. మా టీములో ఒకాయన పూర్వీకులు అక్కడివాళ్ళే. ఆయన తవ్వకాలు చూసీ చూసీ ఆ పిచ్చి నాకూ అంటుకుంది. నామటుకు నాకు అక్కడ అసలు దారి చూపించేది తల్లి పుట్టింటి పేరే అనిపిస్తోంది.

ముందు గొడవేంటో చెప్తా. 1665లో ఫ్రాన్సు రాజు పంపిన కరిన్యాన్-సాలియేర్ దళంలో వెయ్యిమందికి పైగా సిపాయిలు వచ్చారు. ఓ నాలుగొందలమంది అక్కడే స్థిరపడిపోయారు. సైన్యంలో సిపాయికో మారుపేరు ఉండేది. సాన్సూసీ అంటే చీకూచింతా లేనివాడు. లాఫ్లర్ అంటే పువ్వు (తుపాకీ పట్టినవాడికి!). ఆ పేరుని అసలు ఇంటిపేరు పక్కన 'డీ', అంటే 'అనబడే', అని చేర్చి రాసేవాళ్ళు. సిపాయిలకే కాదు, మామూలు రైతులకీ ఉండేవి ఇవి. మివిల్ డీ దెషేన్ అంటే మన భాషలో మివిల్ అలియాస్ దెషేన్ అన్నమాట. ఇలాంటి ఇళ్ళల్లో అన్న ఒక పేరుతో, తమ్ముడు ఇంకో పేరుతో చలామణీ అయ్యేవాళ్ళు. అటు చూస్తే ఏ చుట్టరికమూ లేని రెండు కుటుంబాలూ లాఫ్లర్లే. పైగా 1840 తర్వాత మిల్లుల్లో పనికోసం అమెరికా వెళ్ళినవాళ్ళలో కొందరు పేర్లని ఏకంగా అనువాదం చేసేసుకున్నారు. బ్వావేర్ కాస్తా గ్రీన్‌వుడ్!

పోనీ సొంత పేరు చూద్దామా అంటే, చాలామంది ఆడపిల్లలకి ముందు మరీ, మగపిల్లలకి జోసెఫ్. బిడ్డ చనిపోతే తర్వాత పుట్టినవాళ్ళకి మళ్ళీ అదే పేరు. ఏ కాలమ్‌నీ ప్రైమరీ కీ చెయ్యలేం :-)

మరి మూడొందల యాభయ్యేళ్ళ వెనక్కి ఎలా వెళ్తున్నారు? చర్చి ఫాదరీల పుణ్యం. తొలి పెళ్ళి నమోదు చేసేటప్పుడు వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ రాసేవాళ్ళు, తల్లిని ఆమె పుట్టింటి ఇంటిపేరుతో సహా. (రెండో పెళ్ళయితే చాలాసార్లు పోయిన భర్త పేరో భార్య పేరో మాత్రమే ఉంటుంది, అప్పుడు మొదటి పెళ్ళి వెతుక్కోవాలి.) లాఫ్లర్లు వందమంది ఉండొచ్చు గానీ, ఫలానా ఇంటి ఆడపడుచుని చేసుకున్న లాఫ్లర్ దాదాపు ఒక్కడే దొరుకుతాడు. దంపతుల జంటే కీ అన్నమాట. మాంట్రియల్ విశ్వవిద్యాలయంవాళ్ళు 1966 నుంచీ ఈ చర్చి రికార్డులని కంప్యూటర్లో కలుపుకుంటూ వచ్చింది ఇలాగే. రిజిస్టరు రెండో ప్రతి కోర్టుకి పంపే పద్ధతి కూడా ఉండేది, అంటే బ్యాకప్పు! 1981 నుంచి అయితే క్విబెక్ చట్టమే ఆడవాళ్ళు పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే వ్యవహరించాలంటోంది.

అలాగని ఆ ఫాదరీలని మరీ ఆకాశానికెత్తక్కర్లేదు. ఆ కాలనీలో బానిసలూ ఉండేవాళ్ళు, ఎక్కువమంది అక్కడి ఆదివాసులే. వాళ్ళకి బాప్టిజం ఇచ్చినప్పుడు యజమాని పేరు రాశారు గానీ, చాలాసార్లు తల్లిదండ్రుల పేర్లు రాయలేదు. అదే రిజిస్టరు, అదే సిరా. ఒకరికి పదితరాల చరిత్ర మిగిల్చింది, ఇంకొకరి దారి అక్కడే మూసేసింది.

అన్నట్టు, మన శుభలేఖలు చూడండి. తండ్రి ఇంటిపేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. తల్లి "శ్రీమతి ఫలానా", అంతే. ఆవిడ ఏ ఇంటి ఆడపడుచో ఎక్కడా ఉండదు. మేనరికాలు కలుపుకున్న మనవాళ్ళకి ఈ సంగతి నోటికి వచ్చేది గానీ, కాగితం మీద పెట్టలేదు. కొన్ని వంశవృక్షాల సాఫ్ట్‌వేర్లు కూడా మనిషికి ఒకే ఇంటిపేరు డబ్బా ఇచ్చి, మిగతావన్నీ నోట్సులో రాసుకోమంటే ఒళ్ళు మండుతుంది.

నాకు మా నానమ్మ పుట్టింటి పేరు తెలుసు. వాళ్ళమ్మది ఇంట్లో ఎవరికీ తెలీదు. మా ఊళ్ళో ఎనభై దాటిన పెద్దమ్మ ఒకావిడ ఉంది, ఈసారి వెళ్ళినప్పుడు అడగాలి.