కాటమరాన్: కట్టుమ్రానా, కట్టుమరమా?

ఆంగ్లంలో ‘కాటమరాన్’ నేడు రెండు నావలను పక్కపక్కన బిగించినట్లుండే ఓడకు పేరు. కోరమాండల్ తీరాన దాని అర్థం వేరు: దుంగలను తాళ్లతో కలిపి కట్టిన తెప్ప. 1697లో అచ్చయిన యాత్రాగ్రంథంలో విలియం డాంపియర్ దానిని ఈ తీరపు మాటగానే పేర్కొన్నాడు.

ఈ శబ్దం ‘కట్టుమ్రాను’ నుండి పుట్టిందనీ, తుది నకారమే అందుకు సాక్ష్యమనీ వాదించేవారు మనలో లేకపోలేదు. నాకది సమ్మతం కాదు. మ్రాను, మరము ఒకే మూలద్రావిడ పదం నుండి వచ్చిన జ్ఞాతిపదాలే. కాని తెలుగులో వర్ణవ్యత్యయం వల్ల మకార రేఫలు సంయుక్తమై ‘మ్రాను’ ఏర్పడింది; పిమ్మట రేఫ లోపించి ‘మాను’ మిగిలింది. డాంపియర్ నాటికి ఈ మార్పు ఎంతో పాతది. ఆంగ్లరూపంలోనో, మకార రేఫల నడుమ అచ్చు చెక్కుచెదరక నిలిచి ఉంది. ఇక నకారమంటారా, ప్రాచీన తమిళంలోనే ‘మరన్’ అనే రూపం ఉంది. పదం తమిళమే. ఒప్పుకొన్నందువల్ల మనకు లోటేమీ లేదు. మన పందికొక్కు ‘బాండికూట్’ అయి ఆస్ట్రేలియా జంతువుకు సైతం పేరైంది కదా!

అంతకన్న విచారించవలసిన విషయం ఒకటుంది. నెల్లూరు తీరపు పట్టపువారి ఇళ్లలో తమిళం, తెలుగు కలగలిసిన భాష నడుస్తుంది. దుంగతెప్పల స్థానాన్ని ఫైబర్ పడవలు ఆక్రమించాయి. తెప్ప కట్టిన వృద్ధులు ఉండగానే దుంగకు, కట్టుకు, తెడ్డుకు వారు వాడిన మాటలను మన పరిశోధక విద్యార్థులు వ్రాసుకొని రావాలి. నెల్లూరు నుండి మైపాడు బస్సులో గంట ప్రయాణం.