తలనొప్పికి కంటి పరీక్ష ఎందుకు?

తలనొప్పిని మన ఇళ్లలో జబ్బు కింద లెక్కవేయరు. ముఖ్యంగా ఆడవాళ్లు అమృతాంజనం రాసుకుని పనిలో పడిపోతారు. ఎన్నాళ్లకీ తగ్గకపోతే డాక్టరు కళ్లు చూపించుకోమంటాడు. గోడమీది అక్షరాలన్నీ చదివేసి, చూపు బాగానే ఉందని నిశ్చింతగా ఇంటికొస్తాం. కాని డాక్టరు చూడమన్నది కంటి వెనకభాగం.

పుర్రె మా బ్యాంకు స్ట్రాంగు రూము వంటిది. గోడలు సాగవు. లోపల మెదడు, రక్తం, మెదడు చుట్టూ తిరిగే నీరు ఉంటాయి. ఒకటి పెరిగి మరొకటి తగ్గకపోతే ఒత్తిడి పెరుగుతుంది. ఆ నీటి నిల్వ సుమారు 150 మిల్లీలీటర్లు. రోజుకు ఊరేది దాదాపు 500 మిల్లీలీటర్లు. ఊరినంతా ఎప్పటికప్పుడు రక్తంలో కలిసిపోవాలి. జమాఖర్చులు సరిపోవాలన్నమాట. మెదడులో గడ్డ, మెదడు పొరల వాపు, సిరల్లో రక్తం గడ్డకట్టడం వంటివి ఈ లెక్కను తప్పిస్తాయి. ఒక్కొక్కప్పుడు అటువంటి కారణమేదీ దొరకదు. ఈ రకం ఎక్కువగా బరువు పెరిగిన యౌవన, మధ్యవయసు స్త్రీలలో కనిపిస్తుంది. విటమిన్ ఎ మితిమీరినా, మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్ వంటి మందులవల్లా ఒత్తిడి పెరగవచ్చు.

కంటినరం మెదడు పొరలనే తొడుగుగా వేసుకుని కంటిదాకా వస్తుంది. ఆ తొడుగులోనూ అదే నీరు. ఒత్తిడి పెరిగితే నరం నలిగి, దాని పోగుల్లో రాకపోకలు స్తంభించి, కంటి వెనక నరం మొదలు ఉబ్బుతుంది. దీన్నే పాపిల్లెడీమా అంటారు. మొదట్లో ఎదుటి చూపు చెడదు, అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. పక్కచూపు మాత్రం మనకు తెలియకుండానే తరిగిపోతుంది. చచ్చిన పోగులు తిరిగి రావు.

అందుకే చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దది చేసి, లోపల చూడాలి. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ లోకానికి చూపిన ఆఫ్తాల్మోస్కోపు వల్ల ఇది సాధ్యమైంది. ఉబ్బు కనిపిస్తే ఆలస్యం చేయకుండా స్కానింగు తీస్తారు. ఆ తరువాత నడుములో సూది వేసి నీటి ఒత్తిడి కొలుస్తారు. పెద్దలలో 25 సెంటీమీటర్లు దాటితే ఎక్కువే. గడ్డ వంటిదుంటే దానికి చికిత్స. కారణం దొరకని రకంలో బరువు తగ్గడం, అసిటజోలమైడ్ మాత్రలు మేలు చేస్తాయని 2014లో వెలువడిన అమెరికా పరిశోధన చూపింది. చూపు వేగంగా పోతుంటే ఆపరేషనే దారి.

పడుకుంటే లేదా తెల్లవారగానే పెరిగే నొప్పి, వాంతులు, వంగి లేచినప్పుడు కొద్ది క్షణాలు చూపు మసకేయడం, చెవిలో నాడితోపాటు హోరు, ఒకటి రెండుగా కనిపించడం - వీటిలో ఏదున్నా డాక్టరుకు విడమరిచి చెప్పండి. కన్నడంలో చెప్పినా తమిళంలో చెప్పినా ఒడియాలో చెప్పినా, ఉత్త "తలనొప్పి" అనే మాటతో సరిపెట్టకండి. వాడుతున్న మందులన్నీ చూపించండి, మీ అంతట మీరు ఆపకండి. అక్షరాలు చదివించి పంపేస్తుంటే, "కంటినరం కూడా చూడండి" అని నోరు తెరిచి అడగండి. ఇంటి ఇల్లాలు తనకోసం అడగదు. పక్కనున్నవారే అడగాలి.