మురుగుకు అప్పు పుట్టదు, వడ్డీ మాత్రం కూలీలే కడుతున్నారు

ఉస్మాన్‌గంజ్‌లో వడ్డీ అంటే ఏమిటో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. అడ్తి దుకాణంలో గద్దె మీద కూర్చున్న సేటుకూ తెలుసు, బస్తా మోసే హమాలీకీ తెలుసు. నూటికి నెలకు మూడు రూపాయలంటే లక్ష అప్పు మీద ఏడాదికి 36,000. ఆ లెక్క తెలిసినవాళ్లతోనే మేం ఇవాళ ఇంకో అప్పు సంగతి మాట్లాడదలిచాం.

వానాకాలంలో ఆ గంజ్‌లోని హమాలీలను కలవడానికి వెళ్లాం. మోరీ పొంగి గల్లీ నిండా నల్లనీళ్లు. ఆ నీళ్లలోనే దిగి బస్తాలు దించుతున్నారు. మూసీ కింద వలిగొండ దిక్కు నుంచి వచ్చిన ఒకాయన మాతో అన్నాడు: "ఈ నీళ్లు నాకంటె ముందుగాల్నే మా ఊరికి పోతయన్నా. ఈడ కాళ్లకే అంటుతయి. ఆడ మా ఆడోళ్లు మోకాళ్ల దాంక దిగి నాట్లేస్తరు."

సమస్య అంతా ఈ మాటలోనే ఉంది. 1908 మూసీ వరద తరువాత నగరానికి రెండు చెరువులు కట్టారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అవి చాలక మంజీర, కృష్ణ, గోదావరి నీళ్లు తెచ్చారు. ఇందుకు 1990లో ప్రపంచబ్యాంకు దగ్గరా అప్పు చేశారు. పల్లెలకు 2016 నుంచి మిషన్ భగీరథ నీళ్లొచ్చాయి. దానికోసం హడ్కో, నాబార్డు, బ్యాంకుల నుంచి వేల కోట్లు తెచ్చారు. నీళ్లు తేవడాన్ని మేం తప్పుపట్టం. బిందె పట్టుకొని మైళ్లు నడిచిన తల్లుల బాధ మాకు తెలుసు. కాని ఇంట్లోకి వచ్చిన నీరు బయటికి పోక తప్పదు గదా! తెచ్చేటప్పుడున్న తొందర పంపేటప్పుడు ఏమైంది?

2021లో 3,866 కోట్లతో 31 మురుగుశుద్ధి కేంద్రాలు కడతామన్నారు. రోజుకు 125 కోట్ల లీటర్లు శుద్ధి చేస్తామన్నారు. కొన్ని కట్టారు, మంచిదే. కాని మూసీ తెల్లబడలేదు. పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, పిల్లాయిపల్లి దాటి కత్వల కింద పారే కాలువల్లో నురగ ఇంకా తేలుతూనే ఉంది. ఆ నీళ్లతోనే పచ్చగడ్డి, వరి పండుతున్నాయి. గడ్డి కోసేవాళ్లకూ నాటు వేసేవాళ్లకూ కాళ్లకు పుండ్లు, ఒంటికి దురదలు. మందులకు పోయేది, కూలి పోగొట్టుకునేది వీళ్లే. శుద్ధి చేయని మురుగు కూడా ఒక అప్పే. చేసింది నగరం, వడ్డీ కడుతున్నది వ్యవసాయ కూలీ.

డబ్బు లేదంటారు. మరి దీని సంగతేమిటి? బ్యాంకులు తామిచ్చే అప్పుల్లో 18 శాతం వ్యవసాయానికి ఇవ్వాలని నియమం. ఇవ్వకపోతే, తగ్గిన సొమ్మును నాబార్డు దగ్గర గ్రామీణ మౌలిక వసతుల నిధిలో జమ చేయాలి. 1995-96 నుంచి ఇది నడుస్తోంది. రాష్ట్రాలకు ఈ నిధి నుంచి బ్యాంకు రేటు కంటే ఒకటిన్నర శాతం తక్కువకే అప్పు దొరుకుతుంది. గంజ్ లెక్కలో చెప్పాలంటే, నూటికి నెలకు అర్ధరూపాయి కూడా పడదు. అసలు ఇది ఎవరి సొమ్ము? రైతుకు ఇవ్వకుండా మిగిల్చిన సొమ్ము! దాని మీద మొదటి హక్కు పల్లెదే.

అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఆ అప్పు ఏడేళ్లలో తీర్చాలి, అందులో మొదటి రెండేళ్లే వెసులుబాటు. ముప్ఫై ఏళ్లు నిలిచే మోరీకి ఏడేళ్ల గడువా? అమెరికా సోషలిస్టు దేశమేమీ కాదు. అక్కడ కూడా 1987లో చట్టం సవరించి ప్రతి రాష్ట్రంలో మురుగుశుద్ధికి ఒక నిధి పెట్టారు. కేంద్రం అయిదు డాలర్లిస్తే రాష్ట్రం ఒకటి కలుపుతుంది. ఊళ్లకు బజారు వడ్డీ కంటే తక్కువకు, ముప్ఫై ఏళ్ల దాకా గడువుతో అప్పిస్తారు. ఒక ఊరు తీర్చిన సొమ్ము మళ్లీ అదే నిధిలో చేరి ఇంకో ఊరికి పోతుంది. మన డ్వాక్రా సంఘం పొదుపు తిరిగినట్టే. అక్కడ చేయగలిగింది ఇక్కడెందుకు చేయరు?

తక్కువ వడ్డీ అన్నంత మాత్రాన మేం చప్పట్లు కొట్టం. అప్పు తెచ్చి గుత్తేదారుకిచ్చి, తరువాత నల్లా పన్ను పెంచి పేదల నెత్తిన రుద్దితే అది మరో దోపిడీ. అందుకే మా కోర్కెలు ఇవి. నీటి పథకానికి అప్పు తెచ్చినప్పుడు మురుగుశుద్ధికీ అందులోనే సొమ్ము కేటాయించాలి. గడువు ముప్ఫై ఏళ్లుండాలి. వసూలైన సొమ్ము తిరిగే నిధిగా మూసీ కింది పంచాయతీలకు అందాలి. ఎంత తెచ్చారు, ఎక్కడ ఖర్చు పెట్టారు అన్నది పంచాయతీ గోడ మీద రాయాలి. మురుగులో పనిచేసే కూలీలకు ఉచిత వైద్యం నగరం ఖర్చుతోనే జరగాలి.

గంజ్‌లో అప్పు తీసుకున్నవాడే తీర్చాలి, అది అక్కడి ధర్మం. నగరానికి మాత్రం వేరే ధర్మమా? ఈసారి గ్రామసభలో కూలీలు, రైతులు కలిసి నిలబడి ఈ ప్రశ్న అడగాలి. సమాధానం కాగితం మీద వచ్చేదాకా కదలగూడదు.