ఆ తలుపు మూసే ఉంచండి!

పెద్ద అపార్ట్‌మెంట్లలో మెట్ల దగ్గర ఓ బరువైన తలుపు ఉంటుంది. వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. చాలాచోట్ల దానికి ఇటుకరాయో పూలకుండీయో అడ్డుపెట్టేస్తారు. గాలి వస్తుందని కొందరు, మాటిమాటికీ తోయలేక కొందరు. ఆ తలుపు ఎందుకుందో తెలిస్తే ఆ రాయిని ఎవరూ అక్కడ ఉంచరు.

అగ్నిప్రమాదం అనగానే మనకు మంటలే గుర్తొస్తాయి. నిజానికి ఎక్కువ ప్రాణాలు తీసేది పొగ. వేడెక్కిన పొగ తేలికై పైకి పోతుంది. ఎత్తయిన భవనంలో మెట్లదారి దానికి పొగగొట్టంలా దొరుకుతుంది. మంట నాలుగో అంతస్తులో ఉన్నా, తలుపు తెరిచి ఉంటే ఊపిరాడనిది పద్నాలుగో అంతస్తువాళ్లకు! అందుకే ఇంజినీర్లు భవనాన్ని పెట్టెలు పెట్టెలుగా విడగొడతారు. ఒక పెట్టెలో పుట్టిన మంట కొంతసేపైనా అందులోనే ఆగాలి. ఆలోగా మనుషులు దిగిపోవాలి, ఫైరింజన్ రావాలి. తలుపు తెరిచి ఉంటే అది పెట్టే కాదు.

లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌కు 24 అంతస్తులు, ఒకటే మెట్లదారి. 2017 జూన్ 14న, అర్ధరాత్రి దాటాక నాలుగో అంతస్తులోని ఓ ఫ్లాటులో ఫ్రిజ్ దగ్గర మంట మొదలైంది. అగ్నిమాపక సిబ్బంది నిమిషాల్లోనే వచ్చారు. కానీ అంతకుముందు ఏడాదే బయటి గోడలకు కొత్త రేకులు తొడిగారు. వాటి మధ్య పొర పాలిథిలీన్, అంటే ప్లాస్టిక్. కిటికీలోంచి దాన్ని అందుకున్న మంట అరగంట తిరక్కుండానే పైకొసకు పాకింది. 'ఎవరి ఇంట్లో వాళ్లుండండి' అన్నది అలాంటి భవనాల్లో మామూలుగా చెప్పే సలహా. పెట్టెలు నిలిచినప్పుడే అది పనికొస్తుంది. ఆ సలహా మార్చడానికి దాదాపు రెండు గంటలు పట్టింది. 72 మంది చనిపోయారు. ప్రధాన కారణం రేకులేనని 2019లో విచారణ నివేదిక తేల్చింది. ఇంకో మాటా చెప్పింది... చాలా ఫ్లాట్ల తలుపులకు వాటంతటవే మూసుకునే ఏర్పాటు లేదు, ఉన్నా పాడైపోయింది. ఆ సందుల్లోంచే పొగ బయటి నడవాల్లోకి వచ్చింది.

ఈ ఆదివారం భోజనాలయ్యాక పిల్లల్ని తీసుకుని మెట్లమీదుగా కిందికి దిగి చూడండి. దారిలో ఎన్ని సైకిళ్లు, చెప్పుల స్టాండ్లు, పాత సోఫాలు అడ్డొచ్చాయో లెక్కపెట్టమనండి. ఆ జాబితాను అసోసియేషన్ మీటింగులో పెట్టండి. నిప్పంటుకుంటే లిఫ్టు ఎక్కకూడదని పిల్లలకు చెప్పండి. కరెంటు పోతే అది మధ్యలోనే ఆగిపోవచ్చు. మెట్లనిండా పొగ ఉంటే మళ్లీ ఇంట్లోకొచ్చి, తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, 101కి ఫోన్ చేసి, బాల్కనీ నుంచి పిలవాలి.

తలుపు తెరిచే ఉంచాలనుకునేవాళ్లకూ ఓ దారుంది. అలారం మోగగానే తలుపును వదిలేసే అయస్కాంతాలు దొరుకుతాయి. ఇటుకరాయికి మాత్రం అలారం వినపడదు!