బొమ్మ వేయనొల్లని బాలుడు

చిత్రలేఖనపు గంట మ్రోగగనే తరగతిలో రెండు తెగల పిల్లలు కనబడుదురు. కొందఱు ఉత్సాహముతో కాగితములు విప్పుదురు. మఱికొందఱు వెనుక బల్లకు చేరి, "నాకు బొమ్మలు రావు" అని చేతులు ముడుచుకొని కూర్చుందురు. రేపు చిత్రలేఖనోపాధ్యాయుడు కాగోరు యువకునకు నిజమైన పరీక్ష ఈ రెండవ తెగవారితోనే. చేయి చుఱుకైన బాలునకు ఎవరైనను నేర్పగలరు. ముఖము చాటువేయు వానిని దరిజేర్చుకొనుటయే కష్టము.

"నాకు రాదు" అను మాటను పెద్దలు పెక్కుమంది సోమరితనమని తలతురు. తఱచుగా అది భయమునకు మాఱుపేరు. తన గీతను చూచి నలుగురు నవ్వుదురేమో యని బాలుడు వెఱచును. నవ్వులపాలగుటకంటె ఊరకుండుటయే మేలని యెంచుకొనును. బెత్తము ఆ భయమును పెంచునే గాని పోగొట్టజాలదు.

ఇందుకు చిత్తూరు సీమలోనే ఒక నిదర్శనము కలదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తికి బాల్యమున బడిపాఠములు వంటబట్టలేదు. ఉపాధ్యాయులు మందమతి యని తలచిరి. అతడు దెబ్బలును తినెను. కాని ఆ బాలుడే చెట్లను, పురుగులను, మబ్బులను ఎంతో సేపు కన్నార్పక చూచుచుండెడివాడు. ఒకసారి గడియారమును విప్పి, మరల దానిని కూర్చువఱకు బడికి పోనని పట్టుబట్టెనట. అతనికి శ్రద్ధ లేకపోలేదు. ఆ శ్రద్ధ యున్న చోటికి గురువుల చూపు పోలేదు.

చూపు పోయిన చోట ఏమగునో రాజమహేంద్రవరము చెప్పును. అచటి కళాశాలకు అధ్యక్షుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే, చదువుకంటె బొమ్మలపై మనసుపడిన దామెర్ల రామారావును గుర్తించి, ప్రోత్సహించి, బొంబాయి చిత్రకళాశాలకు పంపెను. రామారావు 1925లో చిన్నవయసుననే మరణించినను, ఆంధ్ర చిత్రకళకు క్రొత్త దారి చూపి పోయెను.

"చిత్రకళ పుట్టుకతో రావలయును, రానివారిని లెక్కలు చేసికొననిండు" అని కొందఱందురు. అందఱును చిత్రకారులు కాబోరన్నది నిజమే. కాని "బొమ్మలు రావు" అను బాలిక తెల్లవాఱకముందే వాకిట చుక్కలు పెట్టి, గీత తెగకుండ మెలికల ముగ్గు ముగించును. పసులు కాచు బాలుడు పుంగనూరు ఆవు పొట్టికాళ్లను, కొమ్ముల తీరును కన్నులు మూసికొని చెప్పగలడు. వీరికి చూపు లేదనుట ఎట్లు? నల్లబల్లపై కూజాను వేసి "దీనిని దింపుడు" అను గురువు ఈ సంపదను ఎఱుగడు. "మీ ఆవు ఎట్లు పండుకొనును?" అని అడుగు గురువు ఎఱుగును. అడిగిన పిమ్మట ఓపికతో వినవలయును. బాలుడు చెప్పుచు చెప్పుచు బలపము చేతబట్టును.

తప్పునకు చోటిచ్చుటయును గురువు ధర్మమే. శ్రీకాళహస్తి కలంకారీ పనివారిని చూడుడు. కరక్కాయ నీటిలోను పాలలోను తడిపి ఆరవేసిన బట్టపై వారు తొలుత కాల్చిన చింతపుల్ల బొగ్గుతో బొమ్మను గీయుదురు. గీత తప్పినచో దులిపి మరల గీయుదురు. రూపము కుదిరిన పిమ్మటనే వెదురు కలమును, ఇనుమును బెల్లమును నానవేసి చేసిన నల్లరసములో ముంచుదురు. ఆ గీత బట్టను పట్టినచో ఇక పోదు. చేయి తిరిగిన పనివారికే బొగ్గుగీత అవసరమైనపుడు, ఎనిమిదవ తరగతి బాలుని తొలి గీతకే మార్కులు వేయుట న్యాయమా? అట్లని ఎల్లకాలము దులుపుకొనుచు కూర్చుండుటయు తగదు. బొగ్గుకు వెనుక కలము రావలయును. స్వేచ్ఛకు వెనుక నియమము రావలయును. ఆ వరుసను తలక్రిందులు చేయుటవలననే పెక్కు చేతులు ముడుచుకొని పోవుచున్నవి.

ఈ పాఠమును చదువు బాలబాలికలలో కొందఱు రేపు ఉపాధ్యాయులు కాగలరు. వారిలో నేడు వెనుక బల్లపై కూర్చున్నవారును ఉందురు. ఆ బల్లపై కూర్చున్నపుడు మనసు ఎట్లుండునో వారు మఱవకుందురు గాక!