పట్టాలో కళకు చోటెంత?

1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జేఎన్టీయూ) ఏర్పడినప్పుడు దాని కిందకు వచ్చినవి అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీలు మాత్రమే కాదు. హైదరాబాద్‌లోని ప్రభుత్వ లలిత కళలు, వాస్తుశిల్ప కళాశాల కూడా వాటితోపాటే చేరింది. చిత్రకారుడూ సివిల్ ఇంజనీరూ ఒకే విశ్వవిద్యాలయం పేరున్న పట్టా అందుకున్నారు. 2008లో దాన్ని నాలుగుగా విడదీశారు. ఇంజనీరింగ్‌కు హైదరాబాద్, కాకినాడ, అనంతపురాల్లో మూడు మిగిలాయి, ఆర్కిటెక్చర్‌కూ లలిత కళలకూ మాసబ్‌ట్యాంక్‌లో విడిగా ఒకటి వెలిసింది. సగటు ఇంజనీరింగ్ విద్యార్థి చదువులో ఆ విభజనతో మారిందేమీ లేదు. గొడుగు ఒకటే అయినా సిలబస్‌లు ఎవరివి వారివే కాబట్టి.

ఇంజనీరింగ్‌తోపాటు కళలు కూడా నేర్పే కాలేజీ కోసం వెతికే కుటుంబాలు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి. ఒకే ఆవరణలో రెండు విభాగాలు ఉన్నంత మాత్రాన చదువులు కలిసినట్టు కాదు. కళ ఆ విద్యార్థి పట్టా లోపల ఉందా, బయట ఉందా అన్నదే చూడాలి. లోపల ఉందంటే దానికి క్రెడిట్లు ఉండాలి, టైమ్‌టేబుల్‌లో గంటలు ఉండాలి, నేర్పడానికి శాశ్వత అధ్యాపకులు ఉండాలి. ఏటా జరిగే ఫెస్టు, సాయంత్రం డ్యాన్స్ క్లబ్బు మంచివే. కానీ మిడ్ పరీక్షలు దగ్గరపడగానే ముందుగా ఆగిపోయేవి అవే.

అంకెలు చూద్దాం. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018 నమూనా పాఠ్యప్రణాళికలో బీటెక్‌కు 160 క్రెడిట్లు. అందులో మానవీయ, సామాజిక శాస్త్రాలకూ మేనేజ్‌మెంట్‌కూ కలిపి 12. చాలాచోట్ల ఆ పన్నెండూ ఇంగ్లీషుకు, బిజినెస్ ఎకనామిక్స్‌కు ఖర్చయిపోతాయి. అమెరికాలోని ఎంఐటీలో అయితే కంప్యూటర్ సైన్స్ చదివినా, అణు ఇంజనీరింగ్ చదివినా మానవీయ శాస్త్రాలు, కళలు, సామాజిక శాస్త్రాల్లో ఎనిమిది కోర్సులు పూర్తి చేయందే పట్టా ఇవ్వరు. వాటిలో కనీసం ఒకటి కళల నుంచే ఉండాలి, మూడు నాలుగు కోర్సులు ఒకే రంగంలో లోతుగా చదవాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంజనీర్ల చదువు ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన కమిటీ 1949లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడే అక్కడ మానవీయ శాస్త్రాల స్కూలు వెలిసింది. బాంబు తయారీని కళ్లారా చూసిన తరం తీసుకున్న నిర్ణయం కాబట్టి దాన్ని అలంకారం కోసం చేసిన ఏర్పాటుగా నేను చూడలేను.

పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 1900లో చేతిపనులు నేర్పే సాంకేతిక పాఠశాలలుగా మొదలైన ఆ సంస్థ, 1914లోనే అమెరికాలో మొదటిసారిగా నాటక విద్యలో డిగ్రీ పెట్టింది. ఇప్పుడు అక్కడ ఇంజనీరింగ్ స్టడీస్‌నూ కళలనూ ఒకే పట్టాలో కలిపిన కార్యక్రమం ఉంది. అందులో చేరాలంటే ఇంజనీరింగ్ కాలేజీ ఒప్పుకుంటే సరిపోదు, లలిత కళల కాలేజీ కూడా విద్యార్థి గీసిన బొమ్మో, పాడిన పాటో చూసి ఒప్పుకోవాలి. కళను లెక్కలంత గట్టిగా పరీక్షించడం నాకు నచ్చింది. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలు మాత్రం ఒక విషయం గమనించాలి. ఇంజనీరింగ్ స్టడీస్ అని ఉన్న డిగ్రీ, పూర్తి ఇంజనీరింగ్ డిగ్రీ ఒకటే అనుకోకూడదు. సివిల్ వంటి రంగంలో లైసెన్సు కావాలనుకునే పిల్లలు ఇంజనీరింగ్ కోర్సులకు అక్కడ గుర్తింపునిచ్చే అబెట్ సంస్థ ఆమోదం ఉందో లేదో చేరకముందే అడిగి తెలుసుకోవాలి.

మన దగ్గర దారులు లేకపోలేదు. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తోపాటు కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌లో గానీ, మానవ శాస్త్రాలతో కలిపి గానీ పరిశోధన ఎంఎస్ చేసే అయిదేళ్ల కోర్సులున్నాయి. వాటికి ప్రవేశ పరీక్ష వేరు, ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో లిబరల్ ఆర్ట్స్ విభాగం, డిజైన్ విభాగం రెండూ ఉన్నాయి. శామీర్‌పేట దగ్గరి బిట్స్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులకు మానవీయ శాస్త్రాల ఎలెక్టివ్‌లు తప్పనిసరి.

ఇక్కడ తల్లిదండ్రులు తరచూ పొరబడే చోటు ఒకటుంది. భాషాశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం చదవడం వేరు, బొమ్మ గీయడం, వీణ వాయించడం వేరు. ఎప్పుడూ పెన్సిల్ పట్టుకుని ఉండే అమ్మాయిని సమాజశాస్త్రం ఎలెక్టివ్ తృప్తిపరచలేదు. అలాంటి బిడ్డచేత డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్ రాయించి, డిజైన్ డిగ్రీ బీడెస్ వైపు పంపడమే సూటి మార్గం. బీటెక్ తర్వాత చూద్దాంలే అని వాయిదా వేస్తే ఏమవుతుందో దర్శకుడు శేఖర్ కమ్ముల ప్రయాణం చెబుతుంది. ఆయన హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, ఆ తర్వాత హోవర్డ్ యూనివర్సిటీలో సినిమా చదివారు. అంత దూరం నడిచే ఓపిక, అవకాశం అందరికీ ఉండవు.

ఇదంతా ఎందుకు అనే తండ్రికి ప్లేస్‌మెంట్ లెక్కలు చూపించను. కళ చదివితే ప్యాకేజీ పెరుగుతుందని హామీ ఇవ్వడం మోసం. తెలుగు అక్షరాన్ని మాత్రం చూపిస్తాను. రాష్ట్రం అన్న మాటను తెర మీద సరిగ్గా కనిపించేలా చేయాలంటే ష కింద ట వత్తు, దాన్ని చుట్టుకుంటూ ర వత్తు, ఇవి రెండూ కింది వరుసలోని గుడిని, తలకట్టును తాకకుండా నిలవాలి. గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు కలిపితే ఒక్క ఫాంటుకు వందలకొద్దీ రూపాలు గీయాలి. ఏ రూపం ఎప్పుడు ఏ చోట కూర్చోవాలో కంప్యూటర్‌కు నియమాలుగా రాసివ్వాలి. చేతిరాత ఒంపు తెలియని ప్రోగ్రామర్ గీసిన అక్షరం బిగుసుకుపోతుంది. నియమాలు తెలియని చిత్రకారుడి అక్షరం కీబోర్డు మీద విరిగిపోతుంది. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందిన మల్లన్న, సూరన్న, గురజాడ, ధూర్జటి వంటి ఫాంట్లు ఈ రెండు విద్యలూ కలిసిన చోటే పుట్టాయి. ఎన్నో తెలుగు పుస్తకాలు ఇప్పటికీ యూనికోడ్ కాని అక్షరాల్లో కూర్పు జరిగి, నెట్‌లో వెతికితే దొరకకుండా ఉండిపోయాయి. ఈ పని చేసే మనుషులు మనకు ఇంకా చాలామంది కావాలి. ఇంటర్‌లో మార్కుల కోసం తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్న పిల్లలు, పదో తరగతికే సంగీతం మానేసిన పిల్లలు బీటెక్‌లోనైనా మళ్లీ వాటి దగ్గరకు రాలేకపోతే ఆ పని చేసే మనుషులు ఎక్కడి నుంచి వస్తారు?

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు, బ్యాంకు అప్పు తీసుకున్న ఇళ్లకు ట్రిపుల్ ఐటీ, బిట్స్ అందుబాటులో ఉండవన్న మాట నిజం. వెబ్ ఆప్షన్లలో వాళ్లకు వచ్చేది ఊరి దగ్గరి అనుబంధ కాలేజీయే. అక్కడ కూడా అడగదగ్గ ప్రశ్నలున్నాయి. అదనంగా 18 నుంచి 20 క్రెడిట్లు చదివితే మైనర్ డిగ్రీ ఇవ్వవచ్చని సాంకేతిక విద్యా మండలి ఎప్పుడో అనుమతించింది. ఆ మైనర్ల జాబితాలో ఏఐ, డేటా సైన్స్ తప్ప మరేమైనా ఉన్నాయా? మానవీయ శాస్త్రాల అధ్యాపకులు శాశ్వతమా, గంటల లెక్కన వచ్చేవారా? బయటి సంస్థలో చదివిన కోర్సుకు క్రెడిట్లు కలుపుతారా? వీటికి ప్రిన్సిపాల్ నేరుగా జవాబు చెప్పలేకపోతే ఆ కాలేజీ గురించి తెలియాల్సింది తెలిసినట్టే.

చివరి ప్రశ్న విశ్వవిద్యాలయాలకు కూడా వేయాలి. 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల విజయనగరంలో ఉంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి ప్రిన్సిపాల్. అదే ఊళ్లో, 2008 విభజన తర్వాత ఏర్పడిన జేఎన్టీయూ గురజాడ ఉంది. విద్యార్థి ఒక సంస్థలో సంపాదించిన క్రెడిట్లను మరో సంస్థకు తీసుకెళ్లడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021 నుంచి అమల్లో ఉంది. సంగీత కళాశాలలో రెండేళ్లు వయొలిన్ నేర్చుకున్న ఈసీఈ విద్యార్థి మార్కుల జాబితాలో ఆ వయొలిన్‌కు క్రెడిట్లు చేరాలంటే కొత్త భవనం అక్కర్లేదు, కొత్త చట్టం అక్కర్లేదు. ముందుగా జేఎన్టీయూ గురజాడ ఒక తీర్మానం చేయాలి. వచ్చే విద్యా సంవత్సరం సిలబస్ ఖరారయ్యే లోపే అది జరగాలి.