ఏకగ్రీవం ఐకమత్యం కాదు

2021 మార్చి 10వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లో పురపాలక ఎన్నికలు జరిగాయి. మరునాడే మహాశివరాత్రి. కోటప్పకొండకు చేరువలోని చిలకలూరిపేటలోను, వినుకొండ, సత్తెనపల్లి పట్టణాలలోను జనం వరుసలలో నిలిచి ఓటు వేశారు. అదే పల్నాటి సీమకు చెందిన మాచర్ల, పిడుగురాళ్లలో మాత్రం ఓటు వేసే పనే లేకపోయింది. మాచర్లలోని 31 వార్డులలోను, పిడుగురాళ్లలోని 33 వార్డులలోను చివరకు ఒక్కొక్క అభ్యర్థే మిగిలాడు. అందరూ నాటి అధికారపక్షం వారే. దీనిని ఏకగ్రీవమన్నారు. అభివృద్ధిని కోరి ప్రజలిచ్చిన సమ్మతి అని పాలకపక్షం చెప్పుకున్నది. నామినేషన్లు వేయనీయలేదని, వేసినవారిచేత బలవంతంగా ఉపసంహరింపజేశారని ప్రతిపక్షం ఆరోపించింది.

పార్టీల వివాదం పార్టీలకే ఉండనీ. ఆ మరునాడు విభూతి ధరించి, ఉపవాసముండి, జాగరణ చేసిన భక్తజనం ఈ విషయంలో ఏమనుకున్నదన్నదే ఇక్కడ విచారణీయం. అధికసంఖ్యాకులు ఏమీ అనుకోలేదు. కొందరు సంతోషించారు కూడా. గొడవలు లేకుండా పోయాయి, ఊరంతా ఒక్కమాట మీద నిలిచింది, ఇది మన సనాతన ఐకమత్యానికి నిదర్శనం అన్నారు. ఈ మాట శాస్త్రానికీ విరుద్ధం, లోకానుభవానికీ విరుద్ధం.

గ్రీవమంటే మెడ. ఊరివారందరి కంఠాలూ కలిసి ఒకే మాట పలికితే అది ఏకగ్రీవమని పదార్థం. కంఠాలు కలవడం వేరు, ఒక్క కంఠం తప్ప తక్కినవన్నీ మూగబోవడం వేరు. ఋగ్వేదం పదవ మండలంలోని చివరి సూక్తం కలిసి నడవమని, కలిసి మాట్లాడమని, మనస్సులను కలుపుకొమ్మని ఉపదేశిస్తుంది. మాట్లాడడమన్నది అక్కడ విడువరాని అంగం. మాట్లాడనీయకుండా సాధించిన ఏకత్వానికి ఆ సూక్తాన్ని ప్రమాణంగా చూపడం వేదానికి అపచారం.

పూర్వపక్షం ఒకటి బలమైనదే ఉన్నది. పల్నాడు పౌరుషాల సీమ. పన్నెండవ శతాబ్ది నాటి దాయాదుల పోరు నేటికీ ఇక్కడి వీరారాధనలో సజీవంగా ఉన్నది. ఎన్నికలంటే ఊరు రెండుగా చీలడం, డబ్బు పారడం, కొన్నిచోట్ల నెత్తురు పారడం. ఇట్టి సీమలో పోటీ లేకపోవడమే శాంతి కదా? ఆ ఏడాది ఫిబ్రవరిలో జరిగిన పంచాయతీ ఎన్నికలలో ఏకగ్రీవానికి ప్రభుత్వమే ప్రోత్సాహకం ప్రకటించింది. రెండు వేలలోపు జనాభా గల పంచాయతీకి 5 లక్షలు, పది వేలు మించినదానికి 20 లక్షలు. ప్రభుత్వమే మెచ్చుకున్నదానిని తప్పుపట్టడమెందుకు అని వారి ప్రశ్న.

సమాధానం కష్టమైనది కాదు. పెద్దలు రచ్చబండ మీద కూర్చుని, ఎదుటివాని మాట విని, అందరూ మనసారా ఒకరిని ఎంచుకుంటే అది శ్లాఘనీయమే. దానికి పరీక్ష ఒక్కటే: నిలబడదలచిన రెండవ మనిషి నిర్భయంగా వెళ్లి నామినేషన్ పత్రం ఇచ్చి ఇంటికి రాగలడా? రాగలిగి కూడా ఊరి మేలు కోరి తానే విరమించుకుంటే అది ఐకమత్యం. రాలేకపోతే అది అణచివేత. భయంతో మూసిన నోరు వైరాన్ని పోగొట్టదు, దాచిపెడుతుంది. 2024 మే 13న అదే మాచర్ల నియోజకవర్గంలో, పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలో, ఓటింగ్ యంత్రాన్ని నేలకేసి కొట్టిన దృశ్యాన్ని దేశమంతా చూసింది. ఏకగ్రీవాలు శాంతిని ప్రసాదించాయన్న వాదం ఆ దృశ్యం ముందు నిలువదు. ఆ ఏడాది ప్రభుత్వం మారిన పిమ్మట అనేక పట్టణాలలో కౌన్సిలర్లు కండువాలు మార్చుకున్నారు. పాలకులు మారినా, పక్షాలు మారినా, ఏకగ్రీవంపై మోజు మాత్రం ఏ పక్షానికీ తీరదు. అందుచేత ఇది ఒక పార్టీ మీద అభియోగం కాదు. చూసి ఊరకున్న సజ్జనుల మీద అభియోగం.

రెండవ పూర్వపక్షం సాధకులది. రాజకీయం రజోగుణ వ్యాపారం, ముముక్షువుకు దానితో పనిలేదు, నివృత్తే శ్రేయస్సు అంటారు. ఈ మాటకు గీత పద్ధెనిమిదవ అధ్యాయమే ఉత్తరం. కర్తవ్యాన్ని మోహం చేత విడిచితే అది తామసత్యాగం. దేహానికి క్లేశం కలుగుతుందన్న భయంతో విడిచితే అది రాజసత్యాగం, దానికి త్యాగఫలం లభించదు. చేయవలసినదన్న ఒక్క భావంతో, ఫలాసక్తి లేకుండా చేయడమే సాత్త్వికత్యాగం. కనుక రౌడీకి జడిసి ఇంట కూర్చున్నవాడు రజోగుణాన్ని విడిచినవాడు కాడు, దానికే లోబడినవాడు.

తామసత్యాగానికి ఉదాహరణ కావాలంటే భయమనేదే లేని చోట వెదకాలి. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2022 అక్టోబరు 24న నగర ఎన్నికలు జరిగాయి. అక్కడ మేయరును, కౌన్సిల్ సభ్యులను, పాఠశాల బోర్డు ధర్మకర్తలను ఒకే రోజున ఎన్నుకుంటారు. పిల్లల బడిని ఎవరు నడపాలో నిర్ణయించే హక్కు చేతికందినా, ఆ రాష్ట్రంలోని టొరంటో మహానగరంలో మూడింట ఒక వంతు ఓటర్లైనా రాలేదు. అక్కడ వాకిట్లో అడ్డగించినవాడు లేడు. అడ్డగించినది ఉపేక్ష. మాచర్లలో ఓటు లేకుండా పోవడం దుఃఖకరం. ఓటు ఉండి కూడా వదులుకోవడం, దానికి వైరాగ్యమని పేరు పెట్టుకోవడం అంతకంటె దుఃఖకరం.

ఓటు శాస్త్రవిహిత కర్మ ఎట్లా అవుతుందని అడిగేవారూ ఉన్నారు. గృహస్థునకు పంచమహాయజ్ఞాలు విధింపబడ్డాయి. వాటిలో మనుష్యయజ్ఞం ఒకటి. పొరుగువాని కుళాయికి మంచినీరు రావడం, వీధిలో మురుగు నిలవకపోవడం, చీకటి సందులో దీపం వెలగడం, ఇవన్నీ నేడు పురపాలక సంఘం చేతిలో ఉన్నాయి. అతిథికి అన్నం పెట్టడం యజ్ఞమైనప్పుడు, వీధి మొత్తానికి శుద్ధజలం అందించేవానిని ఎంచడం యజ్ఞం కాకుండా ఎట్లా పోతుంది? లోకసంగ్రహానికి జనకుని నిదర్శనంగా చూపిన భగవానుడు అరణ్యవాసిని చూపలేదు, రాజ్యం నడిపినవానిని చూపాడు.

మూడవ మాట మౌనాన్ని గూర్చినది. త్రికోటేశ్వరుడు దక్షిణామూర్తి స్వరూపుడు. మౌనంతోనే తత్త్వం బోధించిన గురువు. ఆ స్వామి భక్తులమైన మేము మౌనంగా ఉంటే తప్పేమిటని కొందరి చమత్కారం. ఆయన మౌనం శిష్యుల సంశయాలను ఛేదించింది. పల్నాటి మౌనం ఎవరి సంశయాన్ని ఛేదించింది? అది జ్ఞానం పండి మాట అనవసరమైన మౌనం. ఇది మాట అవసరమై, గొంతు దాటి రాని మౌనం. రెండింటికీ ఒకే పేరు పెట్టడం గురుద్రోహం.

ధర్మబద్ధమైన పోటీ ఎట్లా ఉంటుందో కోటప్పకొండ తిరునాళ్లే చూపుతుంది. కావూరు, పురుషోత్తమపట్నం మొదలైన ఊళ్ల నుండి విద్యుద్దీపాలతో ధగధగలాడే ప్రభలు కొండకు వస్తాయి. మా ప్రభ ఎత్తైనదంటే మాది ఎత్తైనదని పంతం ఉంటుంది. ఊరూరా చందాలు, ఇంటింటా ఉత్సాహం. ఇంత పోటీలోనూ స్వామి ఒక్కడే, కొండ ఒక్కటే. పొరుగూరి ప్రభను దారిలో నిలిపివేసి, ఈ ఏడు ప్రభ ఏకగ్రీవమైనదని ఎవరైనా చాటితే ఆ ఊరిని భక్తులు క్షమిస్తారా? స్వామి సన్నిధిలో సహించని అన్యాయాన్ని పట్టణ వీధిలో సహించడం ఏ భక్తిశాస్త్రం నేర్పినది?

2021లో ఏర్పడిన పాలకమండళ్ల పదవీకాలం ఐదేండ్లు. వాటి తరువాత వచ్చే ప్రతి ఎన్నికలోనూ మొదటి పరీక్ష పోలింగు నాడు కాదు, నామినేషన్ల నాడే. ఆనాడు ఏ పక్షం వాడైనా, ఏ కులం వాడైనా, పత్రం పట్టుకుని ఒంటరిగా బయలుదేరినవాని వెంట ఆ వీధిలోని పదిమంది భక్తులు నడిస్తే చాలు. వారు అతనికి ఓటు వేయనక్కరలేదు. అతనిని కార్యాలయం దాకా చేర్చి, క్షేమంగా ఇంటికి తీసుకురావాలి. ప్రభ వెంట రాత్రంతా నడిచే పాదాలకు ఆ కొద్ది దూరం భారం కాదు.